చీకట్లో అత్తిపత్తి ఆకులు చూడాలంటే ఏ లైటు వాడాలి?

నమస్కారం. చిత్తూరు దగ్గర పల్లెలో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్తాను. 1729లో డి మైరాన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త అత్తిపత్తి జాతి మొక్కను చీకట్లో పెట్టి చూశాడు. ఎండ తగలకపోయినా ఆకులు పగలు విచ్చుకుని రాత్రికి ముడుచుకున్నాయి. ఇది మా తొమ్మిదో తరగతి పిల్లలకు కళ్లారా చూపించాలని ఉంది.

కుండీలో మొక్క ఏపుగా ఉంది. స్టోర్‌రూము కిటికీకి నల్లగుడ్డ కట్టి, తలుపు సందుల్లో గోనెపట్టా కుక్కాం. చిక్కల్లా వేడితోనే. మధ్యాహ్నానికి పైరేకు కాలిపోతుంది, తెల్లారుజామున చల్లబడుతుంది. ఆకులు విచ్చుకున్నది మొక్క లోపలి గడియారం (వెలుతురు లేకపోయినా వేళ పట్టించే ఏర్పాటు) వల్లా, వేడి వల్లా అని పిల్లలు అడిగితే? అడగాలి కూడా. 1832లో డి కండోల్ అనే స్విస్ వృక్షశాస్త్రవేత్త అత్తిపత్తిని ఎడతెగని వెలుతురులో పెట్టి చూస్తే, ఆకులు విచ్చుకుని ముడుచుకునే చక్రం 24 గంటలకు కాక 22–23 గంటలకే తిరిగింది. వేడి రోజూ ఒకే వేళకు వస్తుంది కాబట్టి, మాకూ అలా రోజురోజుకూ ఆకులు విచ్చుకునే వేళ ముందుకు జరిగితే వేడి కారణం కాదని చెప్పొచ్చు కదా?

ఏసీ లేకుండా గది వేడిని సమంగా ఉంచే ఉపాయం ఏదైనా ఉందా? ఎర్ర లైటుకు ఆకుల కదలిక మారుతుంది కాబట్టి మసక పచ్చ బల్బు పెడదామనుకుంటున్నా, పర్లేదా? మొక్క నీరసించకుండా ఎన్ని రోజులు చీకట్లో ఉంచొచ్చు? తిరుపతిలో వృక్షశాస్త్రం చదివినవాళ్లు, ఇలాంటి ప్రయోగం చేసినవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.