వీధి ఫ్యాషన్ ఫోటో: అడిగి తీయాలా, తీశాక అడగాలా?

రేవుగట్టు: రాజమండ్రి మెయిన్ రోడ్డు, తాడితోట బట్టల మార్కెట్, సాయంత్రం పుష్కర ఘాట్. ఇక్కడ జనం కట్టూ తీరూ ఫోటోలు తీయడం మొదలుపెడదామనుకుంటున్నానండి. చేతిలో క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్ ఉండే) కెమెరా, దానితో వచ్చిన 18-55 మి.మీ. కిట్ లెన్స్, 50 మి.మీ. ఎఫ్ 1.8 లెన్స్ (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకుంటుంది) ఉన్నాయి. అడిగితే మనిషి బిగుసుకుపోతారు, అడక్కుండా తీస్తే తప్పేమోనని భయం. మొదటి నుంచీ ఏ పద్ధతి అలవాటు చేసుకోవాలి?

నేతకొంగు: అడిగే తీయండి. మర్యాద సంగతి అలా ఉంచి, పనితనం సంగతే ముందు చెప్తాను. ఇందులో ముఖం కన్నా కట్టు ముఖ్యం. తల్లో పువ్వు నుంచి కాలి చెప్పు దాకా కనబడాలి. మీ 50తో నిలువు ఫ్రేములో మనిషి మొత్తం పట్టాలంటే సుమారు 15 అడుగులు వెనక్కి జరగాలి. తాడితోట సందుల్లో ఆ 15 అడుగుల మధ్యకి ఓ బండీ, రెండు బేళ్లూ, నలుగురు మనుషులూ వచ్చేస్తారు. కిట్ లెన్సుని 35 దగ్గర పెడితే 11 అడుగులు చాలు. దొంగచాటుగా తీసేవాళ్లు చాలామంది 18కి తిప్పి, ఐదారు అడుగుల నుంచి, కంటి ఎత్తులో కెమెరా కిందికి వంచి నొక్కేస్తారు. తల పెద్దదైపోయి, కాళ్లు పొట్టివైపోయి, కుచ్చిళ్లు కుదించుకుపోతాయి. కెమెరా నడుం ఎత్తులో, వంచకుండా పట్టుకోవాలి. అందుకు ఎదుటి మనిషి అరనిమిషం నిలబడాలి కదండీ.

అడిగేటప్పుడు ఏం నచ్చిందో చెప్పండి. “ఆ చీర అంచుకి బ్లౌజు రంగు భలే కుదిరిందండి, కాళ్ల దాకా ఒక ఫోటో తీసుకోనా?” అంటే మాట నడుస్తుంది. ఫోటో ఎక్కడ పెడతారో కూడా అప్పుడే చెప్పెయ్యాలి.

మబ్బువెలుగు: నేతకొంగు గారూ, కెమెరా ఎత్తు గురించి మీరన్నది నిజం. కానీ నిలబెట్టగానే ఏమవుతుందో చూడండి: పైట సర్దుకుంటారు, సంచీ పక్కన పెట్టేస్తారు, చేతులు కట్టుకుంటారు. కొంగు బొడ్లో దోపుకుని సైకిలెక్కడం, ఒక చేత్తో పంచె అంచు పట్టుకుని మెట్లు దిగడం చెప్పి చేయించేవి కావు. వీధి ఫ్యాషన్ ఫోటోగ్రాఫర్ బిల్ కన్నింగ్‌హామ్ 2016లో పోయేదాకా న్యూయార్క్ వీధుల్లో సైకిలు మీద తిరుగుతూ నడిచే మనుషుల్నే తీశారు.

రేవుగట్టు గారూ, మనుషుల వెంట పడకండి. వెలుగూ, వెనక గోడా బాగున్న చోటు ఒకటి ఎంచుకుని అక్కడే నిలబడండి. కిట్ లెన్స్ 35, ఎఫ్ 5.6, షట్టర్ 1/500 సెకను, ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందించే స్థాయి) ఆటోలో పెట్టి పైహద్దు 3200. ఫోకస్ 11 అడుగుల దగ్గర లాక్ చేస్తే ఎనిమిదిన్నర నుంచి దాదాపు 16 అడుగుల దాకా స్పష్టంగా వస్తుంది. షట్టర్ 1/250కి దించారా, ముఖం బాగానే ఉన్నా ఊగే చీర అంచు చెదురుతుంది. ముందు కాలి మడమ నేలకి ఆనే క్షణంలో నొక్కండి, అప్పుడే కుచ్చిళ్లు విచ్చుకుంటాయి. తీసిన వెంటనే వెళ్లి చూపించండి, వద్దంటే వాళ్ల ఎదుటే చెరిపెయ్యండి.

నేతకొంగు: తీశాక అడిగితే “వద్దు” అనడం కష్టమండీ, ముఖ్యంగా ఆడపిల్లలకి. అప్పటికే మీ చేతిలో ఫోటో ఉంది. న్యూయార్క్ ఎవరికెవరూ తెలియని ఊరు. అమలాపురం బస్టాండులో తీసిన ఫోటో, ఆ అమ్మాయి ఇంటికి చేరేలోపే మేనమామ ఫోన్లో ఉంటుంది. ఇంట్లో జవాబు చెప్పుకోవాల్సింది ఆ అమ్మాయే.

ఇక నిలబెడితే ఫోటోలో ప్రాణం పోతుందన్న మీ అభ్యంతరం. జపాన్‌లో ఫోటోగ్రాఫర్ షోయిచి అవోకి 1997లో మొదలుపెట్టిన పత్రికలో టోక్యోలోని హరజుకు పేట కుర్రకారుని కాళ్ల దాకా నిలబెట్టే తీశారు, ఒంటి మీద ఏముందో పక్కనే రాయించారు. ఆ ఫోటోల్లో జీవం తగ్గలేదు. మీకు నడకే కావాలంటే, నిలబెట్టి ఒకటి తీశాక “ఆ పదడుగులూ ఇంకోసారి నడిచొస్తారా?” అనండి. మొదటిసారి బిగుసుకుంటారు. మూడోసారికి కెమెరాని మర్చిపోతారు.

ఇసుకతిన్నె: ఇద్దరూ వెలుగు గురించి వివరంగా చెప్పలేదు. మనది దాదాపు 17 డిగ్రీల అక్షాంశం. మే మొదటి పదిరోజుల్లో, మళ్లీ ఆగస్టు మొదటివారంలో మిట్టమధ్యాహ్నం ఎండ నేరుగా నెత్తిమీదే. కళ్ల కింద నల్లటి గుంటలు పడతాయి. దుకాణం చూరు కింద, నీడ అంచుకి ఒకడుగు లోపల నిలబెట్టండి. రాజమండ్రి గోదారికి తూర్పుగట్టు కాబట్టి, సాయంత్రం మెట్ల మీద నదికేసి తిరిగినవాళ్ల ముఖాన వెలుగు సూటిగా పడుతుంది. నీళ్ల మీంచి ఎగసే వెలుగు గడ్డం కింద నీడని కూడా పలచన చేస్తుంది.

కానీ ఘాట్‌లో స్నానాలు చేసే వైపు కెమెరా ఎత్తకండి, ఇందులో రెండో మాట లేదు. స్త్రీ చాటున బట్టలు మార్చుకునేటప్పుడు ఫోటో తీస్తే భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం.

రేవుగట్టు: అడిగే మొదలుపెడతానండి. ఇంకో రెండు సందేహాలు. తెల్ల పంచెలు బూడిదరంగులోకి దిగిపోతున్నాయి. ఉప్పాడ జామ్దానీ, నరసాపురం లేసు తీస్తే అసలు లేని అలలు కనబడుతున్నాయి.

మబ్బువెలుగు: ఫ్రేము నిండా తెలుపుంటే కెమెరా ఎక్కువ వెలుగుందనుకుని తగ్గించేస్తుంది. ఎక్స్‌పోజర్ సవరణ (కాంపెన్సేషన్) +0.7 నుంచి +1 పెట్టండి. జరీ ఉంటే +0.3 దాటకండి, మెరుపు తెల్లగా పేలిపోతే రా (RAW) ఫైలులో కూడా తిరిగి రాదు. కోనసీమ కొబ్బరితోటల్లో, వరిచేల గట్ల మీద తెల్లబట్ట పచ్చబారుతుంది. అది ఆకుల మీంచి వచ్చిన రంగు. మొదటి ఫోటోలో మనిషి చేతికి గ్రే కార్డు (రంగు సరిచూసుకునే బూడిదరంగు అట్ట) ఇచ్చి తీస్తే తర్వాత ఒక్క క్లిక్కుతో సరిపోతుంది.

నేతకొంగు: ఆ అలల్ని మోయిరే అంటారు. సన్నటి నేత, సెన్సర్ గళ్లూ ఒకదానిమీదొకటి పడి వస్తాయి. అడుగు ముందుకో వెనక్కో జరిగి ఇంకోటి తీయండి, లేదా కాస్త పక్కకి తిరగమనండి. కెమెరా తెరని నమ్మొద్దు, అక్కడ లేని అలలు కూడా కనిపిస్తాయి. నూరుశాతానికి పెద్దది చేసి చూడాలి. నడుం దాకా తీసేటప్పుడు 50ని ఎఫ్ 1.8లో వాడకండి. ఆరేడు అడుగుల దూరంలో స్పష్టంగా ఉండే లోతు నాలుగైదు అంగుళాలే, ముఖం దొరికితే భుజం వెనక కొంగు మసకబారుతుంది. ఎఫ్ 4 పెట్టండి. జామ్దానీ అయితే కొంగు తిప్పి వెనకవైపు కూడా చూపించమనండి, బుటా రెండువైపులా ఒకేలా ఉంటుంది. అడక్కుండా తీస్తే ఆ రెండోవైపు ఎలా దొరుకుతుందండీ?

మబ్బువెలుగు: చీర విషయంలో ఒప్పుకుంటున్నాను. కనుమనాడు కోనసీమ జగ్గన్నతోట ప్రభల తీర్థంలో (అలంకరించిన ఎత్తైన ప్రభల్ని భుజాల మీద మోసుకొచ్చే జాతర) మాత్రం నా పద్ధతే. ప్రభ మోసేవాళ్లని ఆపి అడగలేం. అక్కడ 1/1000కి తక్కువ పెట్టకండి, భుజాల మీద తువ్వాళ్లు ఎగురుతుంటాయి.