పొడపత్రి సారం ఆర్టీమియాను చంపితే ఆ ఆకు విషమని రాయవచ్చా?

ప్రశ్న: ఎమ్మెస్సీ విద్యార్థిని, తిరుపతి
అందరికీ నమస్కారం. ప్రాజెక్టు కోసం చంద్రగిరి వైపు సేకరించిన పొడపత్రి ఆకును నీడన ఆరబెట్టి, పొడి కొట్టి, సాక్స్‌లెట్‌లో (ద్రావకంతో మళ్లీమళ్లీ కడిగి సారం తీసే పరికరం) మిథనాల్‌తో తీసిన సారాన్ని ఆర్టీమియా (ఉప్పునీటిలో బతికే చిన్న రొయ్యలాంటి జీవి) పిల్లలపై పరీక్షించాను. 24 గంటల తరువాత లెక్కిస్తే ఎల్‌సీ 50 (సగం పిల్లలను చంపే గాఢత) మిల్లీలీటరుకు సుమారు 400 మైక్రోగ్రాములు వచ్చింది. వెయ్యికి లోపు వస్తే విషప్రభావం ఉన్నట్లేనని ల్యాబులో అంటున్నారు. మా ఊళ్లో చక్కెర వ్యాధి ఉన్నవారు ఇదే ఆకును ఏళ్ల తరబడి నములుతున్నారు. నివేదికలో ఏమని రాయాలి?

జవాబు: పరిశోధక విద్యార్థి
ముందు కంట్రోలు గొట్టాల (సారం కలపకుండా పోలిక కోసం పెట్టేవి) సంగతి చెప్పండి. సారాన్ని డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి ఉంటే, చివరి ద్రావణంలో అది ఒక శాతం దాటకూడదు. సారం లేకుండా అంతే డీఎంఎస్ఓ కలిపిన ఉప్పునీటిలోనూ పిల్లలు చస్తుంటే ఆ అంకె ఆకుది కాదు. మిథనాల్ పూర్తిగా ఆవిరి కాకపోయినా ఇదే తంటా. విషమని ముందే తెలిసిన పొటాషియం డైక్రోమేట్‌తో పోల్చి చూశారా? పైగా ఆకుపచ్చ సారం చిక్కగా ఉన్న గొట్టాల్లో పిల్లలు సరిగా కనబడవు కాబట్టి, వెలుతురుకు ఎదురుగా పెట్టి, ఒక్కొక్కదాన్నీ భూతద్దంతో కొన్ని సెకన్లు గమనించి, కాళ్లు ఏమాత్రం ఆడించకపోతేనే చచ్చినదిగా లెక్కించాలి.

ప్రశ్న అడిగినవారు
డీఎంఎస్ఓ కంట్రోలులో ఒక్కటీ చావలేదండీ. డైక్రోమేట్ కూడా పెట్టాను. అయితే సారాన్ని నీటిలో కలిపి కుదిపితే నురగ చాలాసేపు నిలుస్తోంది.

జవాబు: ఫార్మకాలజీ అధ్యాపకుడు
ఆ నురగలోనే మీకు కావలసిన ఆధారం ఉందమ్మా. పొడపత్రిలోని జిమ్నిమిక్ ఆమ్లాలు సాపోనిన్ల (నీటిలో సబ్బులా నురగ కట్టే పదార్థాలు) జాతివి. సాపోనిన్లు కణపొరలను దెబ్బతీస్తాయి. ఒళ్లంతా ఆ నీటిలోనే మునిగి ఉండే ఆర్టీమియాకు తప్పించుకునే దారి లేదు. మనిషి తిన్నప్పుడు పేగు నుంచి రక్తంలోకి వెళ్లే సాపోనిన్ చాలా తక్కువ. 1982లో మేయర్ బృందం ఈ పరీక్షను ప్రతిపాదించినది చురుకైన పదార్థాలున్న మొక్కలను త్వరగా, చవకగా ఏరుకోవడానికే గాని, మనుషులకు సురక్షితమైన మోతాదు తేల్చడానికి కాదు. ఆ తేడా గమనించకుండా వెయ్యి అనే గీతను పట్టుకుని వేలాడే ప్రాజెక్టులు, నన్నడిగితే, మరీ ఎక్కువయ్యాయి.

అందువల్ల ఏ ద్రావకంతో తీసిన సారం, ఏ జీవిపై, ఎన్ని గంటల్లో, ఎంత గాఢత వద్ద సగం పిల్లలను చంపిందో అంతవరకే రాయండి. అదే ఆకు నీటి కషాయాన్ని పక్కన పెట్టి పరీక్షిస్తే, జనం వాడే తీరుకు కొంత దగ్గరవుతారు. క్షీరదాలపై తీవ్ర విషప్రభావం చూడాలంటే ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చిన 423వ నంబరు పరీక్షా పద్ధతి ఉంది: దశకు 3 జంతువులు, 14 రోజుల పరిశీలన. దానికి సంస్థలోని జంతు నైతిక సంఘం అనుమతి తప్పనిసరి, మీ ప్రాజెక్టుకు అంత అవసరం లేదు.

ఊళ్లో నమిలేవారి మాటకు వస్తే, ఆకు ప్రమాదరహితమని కూడా రాయకండి. చక్కెర వ్యాధి మాత్రలు వేసుకుంటూ దీన్ని కూడా తీసుకుంటే రక్తంలో చక్కెర మరీ పడిపోయే అవకాశం ఉంది. ఆ సంగతి ఆర్టీమియా గొట్టంలో తేలేది కాదు.