గ్నోమ్ నుంచి ప్లాస్మాకి మారాక చేతి అలవాట్లు ఎలా సర్దుకున్నారు?

పాతట్యాబ్:
లినక్స్‌లో ఏళ్ల తరబడి గ్నోమ్ డెస్క్‌టాప్ మీదే పని. ఈ మధ్య కేడీఈ ప్లాస్మా 6 అనే ఇంకో డెస్క్‌టాప్‌కి మారాను. వేగంలోనూ అందంలోనూ వంక పెట్టడానికేం లేదు. చిక్కంతా చేతులతోనే. సూపర్ కీ (విండోస్ గుర్తున్న కీ) నొక్కితే విండోలన్నీ పరుచుకుంటాయని వేళ్లు అనుకుంటాయి, ఇక్కడేమో మెనూ తెరుచుకుంటుంది. రాస్తూ రాస్తూ పక్క విండోకి వెళ్లాలన్నా ఓ క్షణం ఆగాల్సి వస్తోంది. మారినవాళ్లు పాత కీలనే తెచ్చుకున్నారా, కొత్తవి నేర్చుకున్నారా?

నల్లతెర:
విండోలన్నీ పరిచి చూపే ఆ ఓవర్‌వ్యూ ఇక్కడా ఉందన్నా, సూపర్+డబ్ల్యూ. నచ్చకపోతే షార్ట్‌కట్స్ సెట్టింగ్స్‌లో ఇంకో కీ పెట్టుకోండి. ప్రోగ్రామ్ తెరవాలంటే మెనూ జోలికే వెళ్లొద్దు. ఆల్ట్+స్పేస్ కొడితే కేరన్నర్ అనే వెతుకుడు పెట్టె వస్తుంది. ఫైల్ పేరు, చిన్న లెక్క, ఏదైనా అందులోనే టైప్ చేసేయొచ్చు. నేను మెనూ తెరిచి చాలా కాలమైంది.

ఆరు_టెర్మినళ్లు:
ఆల్ట్+ట్యాబ్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? గ్నోమ్‌లో అది అప్లికేషన్ల మధ్య తిప్పుతుంది. టెర్మినల్ (కమాండ్లు టైప్ చేసేది) విండోలు ఎన్ని ఉన్నా ఒకే ఐకాన్ కింద పోగుపడతాయి, వాటి మధ్య తిరగాలంటే ట్యాబ్ పైనున్న కీ వాడాలి. ప్లాస్మాలో ఏ విండోకి ఆ విండో విడిగా కనిపిస్తుంది. నాలాంటి వాళ్లకి ఇదే హాయి. గ్నోమ్‌లోనే ఉంటానంటే కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ‘స్విచ్ విండోస్’కి ఆల్ట్+ట్యాబ్ ఇచ్చేయండి, సగం గొడవ తీరిపోతుంది.

సాదాపలక:
నాది ఎదురు దారి, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మరో డెస్క్‌టాప్ నుంచి గ్నోమ్‌కి. డెస్క్‌టాప్ మీద ఐకాన్లు లేవు, మినిమైజ్ బటన్ లేదు, కింద ప్యానెల్ లేదు. అందరూ చేసేదే నేనూ చేశాను: ఎక్స్‌టెన్షన్లు (గ్నోమ్‌కి అదనపు సౌకర్యాలిచ్చే చిన్న ప్రోగ్రామ్‌లు) వేసి పాత ఇల్లు మళ్లీ కట్టుకున్నాను. 2023 సెప్టెంబర్‌లో గ్నోమ్ 45 వచ్చింది. ఎక్స్‌టెన్షన్లు రాసే పద్ధతే మారడంతో, పాతవాటిని రాసినవాళ్లు సరిచేసేదాకా ఒక్కటీ పనిచేయలేదు. ఆరు నెలలకో వెర్షన్, ప్రతిసారీ ఈ టెన్షన్ ఎందుకని ఇప్పుడు ట్రే ఐకాన్ల (వెనకాల నడిచే ప్రోగ్రామ్‌ల చిన్న గుర్తుల) కోసం ఒక్కటే ఉంచుకున్నాను. మినిమైజ్ చేయాలనిపించిన విండోని పక్క వర్క్‌స్పేస్‌కి, అంటే విండోలు పెట్టుకునే ఇంకో తెరకి, తోసేస్తాను. గ్నోమ్‌ని గ్నోమ్‌లా వాడితేనే సుఖం. వేరే ఏదోలా కావాలనుకుంటే, ఆ వేరేదే వాడుకోవచ్చు కదా.

నల్లతెర:
@సాదాపలక ఈ మాట ప్లాస్మాకి వర్తించదండీ. దాన్ని తయారుచేసిందే మార్చుకోవడానికి. వర్క్‌స్పేస్‌ల విషయమే చూడండి. గ్నోమ్‌లో చివర ఎప్పుడూ ఓ ఖాళీది సిద్ధంగా ఉంటుంది. ప్లాస్మాలో (అక్కడ వీటిని డెస్క్‌టాప్‌లంటారు) ఎన్ని కావాలో మనమే చెప్పి పెట్టుకోవాలి. మొదట్లో విసుగనిపించినా, విండో రూల్స్ (ఏ విండో ఎక్కడ తెరుచుకోవాలో చెప్పే నియమాలు) తెలిశాక అదే లాభం. టైటిల్ బార్ మీద రైట్ క్లిక్ చేసి, అప్లికేషన్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి, ‘ఈ ప్రోగ్రామ్ ఎప్పుడూ రెండో డెస్క్‌టాప్‌లోనే’ అని రాసేస్తే, ఇక మెయిల్ ఎక్కడుందని వెతకక్కర్లేదు.

తాళంచెవి:
షార్ట్‌కట్లు రేపోమాపో అలవాటైపోతాయి. నన్ను నిజంగా బెదరగొట్టింది బ్రౌజర్. గ్నోమ్ నుంచి ప్లాస్మాకి మారి క్రోమియం తెరిస్తే, దాచుకున్న పాస్‌వర్డ్‌లు మాయం, సైట్లన్నీ లాగవుట్! కారణం ఏంటంటే, క్రోమియం జాతి బ్రౌజర్లు ఏ డెస్క్‌టాప్‌లో ఉన్నాయో చూసి, పాస్‌వర్డ్‌లని తెరిచే తాళంచెవిని గ్నోమ్ కీరింగ్‌లోనో ప్లాస్మా వాడే కేవాలెట్‌లోనో (రెండూ రహస్యాలు దాచే పెట్టెలే) పెడతాయి. డెస్క్‌టాప్ మారితే వెతికే చోటూ మారుతుంది. పాస్‌వర్డ్‌లు ఎక్కడికీ పోవు, చదవడం కుదరదంతే. బ్రౌజర్ తెరిచే కమాండ్‌కి పాస్‌వర్డ్-స్టోర్ ఆప్షన్ జోడించి పాత కీరింగ్‌నే చూపిస్తే తిరిగొస్తాయి. ఇంకా మారనివాళ్లు ముందే ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.

గుణింతం:
తెలుగు టైపింగ్ సంగతీ చూసుకోండి. గ్నోమ్‌లో ఐబస్ (వేరే భాషలు టైప్ చేయించే ప్రోగ్రామ్) కలిసే ఉంటుంది, సూపర్+స్పేస్‌తో భాష మారుతుంది. ప్లాస్మా వేలాండ్‌లో (విండోల్ని తెర మీద చూపే కొత్త పద్ధతి) అలాంటిదే అయిన ఎఫ్‌సీఐటీఎక్స్ 5 వేసుకుని, సెట్టింగ్స్‌లో ‘వర్చువల్ కీబోర్డ్’ అన్న చోట దాన్ని ఎంచుకోవాలి. భౌతిక కీబోర్డుకి సంబంధించిన సంగతి ఆ పేరు కింద ఉంటుందని ఎవరనుకుంటారు!

ఆరు_టెర్మినళ్లు:
ఇంకోటి. పాత పద్ధతి ఎక్స్11 నుంచి వేలాండ్‌కి కూడా మారుతున్నట్టయితే, ఎక్స్‌డూటూల్‌తో (కీలు, మౌస్ తనంతట తనే నొక్కించే పనిముట్టు) రాసుకున్న స్క్రిప్టులు వేలాండ్ విండోల మీద పనిచేయవు. క్లిప్‌బోర్డ్‌కి ఎక్స్‌క్లిప్ బదులు డబ్ల్యూఎల్-క్లిప్‌బోర్డ్ వాడండి.

పాతట్యాబ్:
అందరికీ థ్యాంక్స్. ఆల్ట్+స్పేస్‌కి చెయ్యి తిరుగుతోంది. విండో రూల్స్ పెట్టాను, బాగున్నాయి. ఓవర్‌వ్యూని మాత్రం నా పాత అలవాటుకి దగ్గర కీకి మార్చుకున్నాను. ఒక్క అనుమానం: కొన్నాళ్లు గ్నోమ్‌నీ ఉంచుకుని, లాగిన్ దగ్గర ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చా?

తాళంచెవి:
ఉంచుకోవచ్చు గానీ ఒకే యూజర్‌తో వద్దు. థీమ్, కర్సర్, ఫాంట్ సెట్టింగ్స్ ఒకదానివి ఇంకోదానిలోకి పాకుతాయి. ఫోల్డర్ ఏ ఫైల్ మేనేజర్‌లో తెరవాలన్న ఎంపికా కలిసిపోతుంది. రెండో యూజర్‌ని సృష్టించి అందులో గ్నోమ్ పెట్టుకోండి. ఇద్దరికీ కావాల్సిన ఫైళ్లు ఒకే గ్రూప్‌కి అనుమతి ఉన్న ఫోల్డర్‌లో ఉంచితే చాలు.