సాంటో డొమింగోలో ఒకటిన్నర రోజు: కొలంబస్ లైట్‌హౌస్‌కి వెళ్లాలా, మానాలా?

మామిడితాండ్ర:
డాలస్ నుంచి మార్చిలో పుంటా కానా వెళ్తున్నాం. అందరూ వెళ్లేదే, రిసార్టు, బీచి. చివర్లో ఒకటిన్నర రోజు డొమినికన్ రిపబ్లిక్ రాజధాని సాంటో డొమింగోకి మిగిల్చాను. పేచీ అక్కడే వచ్చింది. చిన్నప్పుడు సోషల్ పుస్తకంలో చదివిన కొలంబస్ సమాధి చూడకుండా ఎలా వస్తాం అని మా ఆయన. అది నది అవతల 'కొలంబస్ లైట్‌హౌస్' అనే భవనంలో ఉందట. పాత ఊళ్లో తీరిగ్గా నడుద్దామని నేను. ఎనిమిదేళ్ల పాప, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యగారు కూడా వస్తున్నారు. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, దానికి ఒక పూట పెట్టొచ్చా?

గట్టుమీదకాకి:
పెట్టొద్దు. నేను పెట్టి బాధపడ్డాను. లైట్‌హౌస్ అనగానే సముద్రం ఒడ్డున తెల్లటి స్తంభం ఊహించుకోకండి. పడుకోబెట్టిన శిలువ ఆకారంలో 200 మీటర్ల పైన పొడవున్న కాంక్రీటు దిబ్బ. కొలంబస్ వచ్చి 500 ఏళ్లయిందని 1992లో అధ్యక్షుడు బలగేర్ పట్టుబట్టి పూర్తి చేయించాడు. అప్పటికి ఆయనకు 86 ఏళ్లు, చూపు లేదు. దాని కోసం చుట్టుపక్కల బస్తీల్లో వేలమందిని ఖాళీ చేయించారు. మిగిలిన ఇళ్లు వచ్చే అతిథుల కంట పడకుండా గోడ కట్టారు. జనం దానికి 'సిగ్గు గోడ' అని పేరు పెట్టుకున్నారు. దీపాలు వేస్తే ఆకాశంలో శిలువ కనపడుతుంది, కింద వాడల్లో కరెంటు పోతుంది అని చెప్పుకునేవారు.

పాతరాతిగోడ:
కాకి గారూ, మీరు చెప్పినవన్నీ నిజమే. అందుకే చూడాలంటాను నేను. 1931లో డిజైన్ల పోటీలో గ్లీవ్ అనే బ్రిటిష్ కుర్రాడిది నెగ్గింది. అది కట్టడం పూర్తయ్యేసరికి అరవై ఏళ్లు. అంత పంతం ఎందుకు పట్టారో అక్కడ నిలబడితే కొంచెం అర్థమవుతుంది. పైగా ఊరు మొదట వెలిసింది ఓజామా నదికి ఆ తూర్పు ఒడ్డునే. తుపాను ఊడ్చేశాక, 1502లో గవర్నర్ ఒవాండో పడమటి ఒడ్డుకి మార్చాడు. దగ్గర్లోనే లోస్ ట్రెస్ ఓహోస్ గుహలు, లోపల నీటి మడుగులు. పాపకి అవే నచ్చుతాయి.

ఉల్లికారం:
అసలు ఆ సమాధిలో ఉన్నది కొలంబసేనా? స్పెయిన్‌లో సెవిల్లే ఊరి చర్చిలో ఉన్నదే ఆయన అని డీఎన్‌ఏలో తేలిందని 2024లో వార్త చూశాను.

పాతరాతిగోడ:
అదో పెద్ద కథ. 1795లో స్పెయిన్ ఈ ద్వీపంలో తన భాగాన్ని ఫ్రాన్సుకి వదులుకుంటూ, ఇక్కడి కెథడ్రల్లో, అంటే పెద్ద చర్చిలో ఉన్న ఎముకల్ని క్యూబాలోని హవానాకి పట్టుకెళ్లింది. 1898లో హవానా కూడా చేజారాక సెవిల్లేకి. కానీ 1877లో ఇక్కడి కెథడ్రల్లో కొలంబస్ పేరు చెక్కిన సీసపు పెట్టె ఒకటి దొరికింది. మీరు తప్పు ఎముకలు పట్టుకెళ్లారు అంటారు వీళ్లు. సెవిల్లేలో ఉన్నవి మొత్తం 150 గ్రాములే. అంటే కొంత అక్కడ, కొంత ఇక్కడ ఉన్నా ఆశ్చర్యం లేదు. ఇక్కడి పెట్టెను మాత్రం పరీక్షకి ఇవ్వలేదు.

గట్టుమీదకాకి:
ఇవ్వరు. కాదని తేలితే టికెట్ ఎవరు కొంటారు? ఇంకో సంగతి, అక్కడ చాలామంది కొలంబస్ పేరే ఎత్తరు. 'ఫుకు' అంటారు, అరిష్టం తగులుతుందని. 'అడ్మిరల్' అనేసి ఊరుకుంటారు, రాత్రిపూట మనం పాముని పురుగు అన్నట్టు. నేను తెలియక పేరెత్తితే టాక్సీ ఆయన డ్యాష్‌బోర్డు మీద రెండుసార్లు తట్టి, దిష్టి పోవడానికి 'సాఫా' అన్నాడు.

వేపపూత:
మీ ఇద్దరి గొడవలో అసలు ఊరు పోతోంది. మేం 2019లో వెళ్లాం. ఆదివారం సాయంత్రం సాన్ ఫ్రాన్సిస్కో మఠం శిథిలాల ముందు బోన్యే అనే బృందం వాయిస్తోంది. వెనకాల పైకప్పు లేని గోడలు, ముందు ప్లాస్టిక్ కుర్చీలు. నా పక్కన డెబ్బై దాటిన పెద్దాయన, ఇస్త్రీ చొక్కా, తెల్ల బూట్లు. కుర్చీ కింద ఒక గుడ్డ పెట్టుకున్నాడు. పాట మారగానే లేవడం, ఎవరో ఒకావిడకి చెయ్యి చాపడం, ఆడటం, వచ్చి బూట్లు తుడుచుకుని కూర్చోవడం. నాలుగో పాటకి మా అమ్మకి చెయ్యి చాపాడు. అమ్మ కొంగు బొడ్లో దోపుకుని లేచింది! నేను ఫోన్ తీసేలోపే సగం పాట అయిపోయింది.

మర్నాడు శాంటా బార్బరా వాడ. టూరిస్టులు తక్కువ. చర్చికి రెండు గోపురాలు, ఒకదానికి ఇంకోదానికి పోలికే లేదు. స్వాతంత్ర్య నాయకుడు దువార్తె పుట్టింది ఆ వాడలోనే. మూల మీద కొల్మాడో, అంటే కిరాణా కొట్టే, కానీ బయట బల్ల వేసి డామినోలు ఆడతారు, పాటలు పెడతారు, చల్లటి బీరు అమ్ముతారు. అద్దెలు పెరిగి పాతవాళ్లు వెళ్లిపోతున్నారని కొట్టాయన అన్నాడు. కొట్టు పైన గదులు అప్పటికే టూరిస్టులకి ఇస్తున్నారు.

పాతరాతిగోడ:
మీ అమ్మగారికి నమస్కారం. కానీ ఒక మాట అడుగుతాను. పాత ఊళ్లో అందరూ ఫొటోలు దిగే లాస్ దామాస్ వీధి ఒవాండో కాలంనాటిది. ఆ ఒవాండోనే ఈ ద్వీపపు మూలవాసులైన టైనోల రాణి అనకావోనాని ఉరి తీయించాడు. ఆయన ఇల్లు ఇప్పుడు హోటల్. కెథడ్రల్ ముందు కొలంబస్ విగ్రహం కింద ఆవిడ బొమ్మ పెట్టారు, ఆయన పేరు రాస్తున్నట్టు! 500 ఏళ్ల పాపం రాతిగోడైతే అందంగా ఉంటుంది, 30 ఏళ్ల పాపం కాంక్రీటైతే చూడకూడదా?

గట్టుమీదకాకి:
దెబ్బ బాగానే తగిలింది. సగం ఒప్పుకుంటాను. కానీ ఆ వీధిలో మనుషులు తిరుగుతున్నారండీ. లైట్‌హౌస్‌లో మేం వెళ్లిన రోజు మా నలుగురం, సమాధి దగ్గర తెల్ల యూనిఫాంలో కాపలా నేవీ కుర్రాళ్లు, అంతే. ఆ పూట సముద్రం ఒడ్డుకి వెళ్లి మోంటెసీనోస్ విగ్రహం చూడండి. 15 మీటర్ల మనిషి, నోటి దగ్గర చెయ్యి పెట్టి సముద్రం వైపు అరుస్తుంటాడు. 1511 డిసెంబరులో, కొలంబస్ కొడుకు డియేగో ఎదురుగా కూర్చుని ఉండగానే, టైనోల గురించి 'వీళ్లు మనుషులు కారా?' అని చర్చిలో నిలదీసిన ఫాదర్ ఆయన.

మామిడితాండ్ర:
మా ఆయనకి చదివి వినిపించాను. 150 గ్రాముల దగ్గర ఆగిపోయారు, అయితే సెవిల్లేకే వెళ్దాం అంటున్నారు. ఆదివారం పాటలు ఇప్పుడూ ఉన్నాయేమో హోటల్ వాళ్లని అడుగుతాను, ఉంటే బస్సు ఆ రోజుకి మారుస్తా. తెల్ల బూట్ల పెద్దాయన సంగతి అత్తయ్యగారు రెండోసారి చదివించుకున్నారు. పాప మాత్రం గుహలు, గుహలు అంటోంది. మెట్లు ఎక్కువా?

వేపపూత:
ఎక్కువే, తడిగా కూడా ఉంటాయి. అత్తయ్యగారిని పైన నీడలో కూర్చోబెట్టండి. మోకాళ్లు ఆదివారానికి దాచుకోవాలి కదా.