అప్‌డేట్: నర్సింగ్ క్లాసులు మొదలయ్యేలోపు సిగరెట్ మానగలనా అని అడిగాను కదా

రెండు నెలల కిందట అడిగింది నేనే. రోజుకు 15 సిగరెట్లు తాగుతున్నాను, నర్సింగ్‌లో సీటొచ్చింది, ఇప్పుడే మానాలా, చదువు టెన్షన్ తగ్గాక చూసుకోవాలా అని. ఇప్పుడే అన్నవాళ్లే ఎక్కువ. మానేశాను, ఇవాళ్టికి 47 రోజులు.

మొదటి మూడు రోజులు నరకమే, ఇంట్లో అందరి మీదా అరిచాను. డాక్టర్ని అడిగి 21 మిల్లీగ్రాముల నికోటిన్ ప్యాచ్ (చర్మానికి అంటించుకునేది, సిగరెట్ బదులు కొంచెం కొంచెంగా నికోటిన్ ఇస్తుంది) వాడాను, ఆరు వారాలయ్యాక 14కి దిగాను. రాత్రంతా ఉంచుకుంటే పిచ్చి పిచ్చి కలలొచ్చేవి, పడుకునే ముందు తీసేయడం మొదలుపెట్టాక పోయాయి. ప్యాచ్ ఉన్నా ఒక్కోసారి మనసు లాగుతుంది, అప్పుడు 2 మిల్లీగ్రాముల నికోటిన్ గమ్. దాన్ని మామూలు చూయింగ్ గమ్‌లా గబగబా నమిలేసి వెక్కిళ్లు తెచ్చుకున్నాను. కాస్త నమిలి, ఘాటు తగలగానే బుగ్గలో పెట్టుకోవాలి, గమ్‌తో వచ్చిన సూచనల కాగితం ముందే చదివుంటే బాగుండేది.

మీరెవరూ చెప్పనిది కాఫీ సంగతి. సిగరెట్ పొగ వల్ల లివర్ కెఫీన్‌ని త్వరగా వదిలించేస్తుందట, మానేశాక అవే మూడు కప్పులు తాగితే గుండె దడ, చేతుల వణుకు, నిద్ర లేదు, నేనేమో ఇదంతా సిగరెట్ లేకే అనుకుని కుమిలిపోయాను. కాఫీ సగానికి తగ్గించాక నిద్ర పట్టింది.

30వ రోజు ఒకటి తాగాను, దాచను. లెక్క మళ్లీ మొదటినుంచి పెట్టాలంటారేమో, నేను పెట్టట్లేదు.

సోమవారం నుంచి క్లాసులు. యూనిఫామ్ ఉతికి ఆరేశాను, ఊరికే వాసన చూశాను, సబ్బు వాసనే.