బాధ్యత తీసుకోవడం, చొరవ చూపడం: ఏ ఇంగ్లీష్ ఇడియమ్ ఎక్కడ వాడాలి?

గడియారంముల్లు:
వచ్చే వారం టీమ్ లీడ్ పోస్టుకి ఇంటర్వ్యూ ఉంది. "ఎవరూ చెప్పకుండా మీ అంతట మీరు చొరవ తీసుకుని చేసిన పని ఏదైనా చెప్పండి" అని కచ్చితంగా అడుగుతారట. నెట్‌లో ఇడియమ్స్ లిస్టులు తిరగేస్తే టేక్ ద రెయిన్స్, కాల్ ద షాట్స్, స్టెప్ అప్ టు ద ప్లేట్, టేక్ ద బుల్ బై ద హార్న్స్ అని బోలెడు వరసగా రాసి, అన్నిటికీ ఎదురుగా "బాధ్యత తీసుకోవడం" అని పడేశారు. అన్నీ ఒకటే అయితే ఇన్ని ఎందుకో నాకర్థం కాలేదు. నా విషయం ఏంటంటే, ప్రాజెక్ట్ మధ్యలో మా లీడ్ సెలవు మీద వెళ్లారు, క్లయింట్‌కి పంపాల్సిన రిపోర్టు సగంలో ఆగిపోయింది, ఎవరూ పట్టించుకోకపోతే నేనే పూర్తిచేసి పంపించాను. "ఐ టుక్ మ్యాటర్స్ ఇన్‌టు మై ఓన్ హ్యాండ్స్" అని రాసుకున్నా. బాగానే ఉందా?

పదనిస:
ముందు ఆ వాక్యం తీసేయండి. పట్టించుకోవాల్సినవాళ్లు పట్టించుకోలేదు, ఓపిక నశించి వాళ్లని పక్కనపెట్టి నేనే కానిచ్చేశాను అనే ధ్వని ఉంటుంది దానికి. మనం "చట్టాన్ని చేతుల్లోకి తీసుకున్నాడు" అంటే మెచ్చుకున్నట్టు కాదు కదా, ఇంచుమించు ఆ వాసనే. ఇంటర్వ్యూ చేసేవాళ్లకి వెంటనే వచ్చే డౌటు, మరి లీడ్‌కి ఫోన్ అయినా చేశావా అని. మీరు చేసిన పనికి సరిపోయేది "ఐ స్టెప్డ్ ఇన్". ఉండాల్సిన మనిషి లేనప్పుడు ఆ పని అందుకున్నాను అని, అంతే.

కాల్ ద షాట్స్ జోలికి అసలు పోవద్దు. అది చొరవ గురించి కాదు, ఎవరి మాట చెల్లుతుందో చెప్పేది. మన "చక్రం తిప్పడం" లాగే అది కూడా ఇంకొకరి గురించి అంటే బాగుంటుంది, "అక్కడ నేనే చక్రం తిప్పాను" అని తన గురించి తానే చెప్పుకుంటే వినేవాళ్లు మొహమొహాలు చూసుకుంటారు.

టేక్ ద రెయిన్స్ మనకి సులువు, పగ్గాలు చేపట్టడమే. కాకపోతే పగ్గాలు ఒక సంస్థవో, టీమ్‌వో చేపడతాం. ఒక్క రిపోర్టుకి అంత మాట ఎక్కువ.

రాత్రిబండి:
నన్నడిగితే ఇంటర్వ్యూలో ఇడియమ్స్ వద్దు. ఏం చేశారో మామూలు మాటల్లో చెప్పండి చాలు. బట్టీపట్టిన ఇడియమ్ ఇట్టే దొరికిపోతుంది.

నాలుగోపేజీ:
రాత్రిబండి గారితో సగం ఒప్పుకుంటా. మాట్లాడేటప్పుడు వాడకపోయినా, అవతలివాళ్లు వాడితే అర్థం కావాలి కదా. దానికి ఒక్కోటి ఎక్కడ పుట్టిందో చూసుకుంటే తేడా తెలిసిపోతుంది.

స్టెప్ అప్ టు ద ప్లేట్ బేస్‌బాల్‌ది. బ్యాటర్ తన వంతు వచ్చాక హోమ్ ప్లేట్ దగ్గరికి వచ్చి నిలబడతాడు. అందుకే అందులో "నీ వంతు వచ్చింది, అందరూ చూస్తున్నారు" అనే ఒత్తిడి ఉంటుంది. బుల్ బై ద హార్న్స్ అంటే ఎద్దుని కొమ్ములు పట్టుకుని నేరుగా ఎదుర్కోవడం, కాబట్టి దానికి ఎదురుగా ఒక పెద్ద చిక్కు ఉండి తీరాలి, చిక్కే లేని చోట వాడితే తేలిపోతుంది. బ్రిటిష్ వాళ్లు ఇదే అర్థంలో గ్రాస్ప్ ద నెటిల్ అని కూడా అంటారు. నెటిల్ మన దురదగొండి లాంటి మొక్క, భయంభయంగా తాకితేనే కుడుతుందని, గట్టిగా పట్టుకుంటే కుట్టదని వాళ్ల నమ్మకం.

ద బక్ స్టాప్స్ హియర్ వీటన్నిటికీ వేరు. 1945 నుంచి 1953 దాకా అమెరికా అధ్యక్షుడిగా ఉన్న హ్యారీ ట్రూమన్ తన బల్ల మీద ఈ మాట రాసిన పలక పెట్టుకునేవాడు. పేకాటలో పంచే వంతు ఎవరిదో చూపించే గుర్తుని బక్ అనేవారని, తన వంతు తప్పించుకోవాలంటే దాన్ని పక్కవాడికి జరిపేసేవారని చెబుతారు. అంటే ఇది పని మొదలుపెట్టడం గురించి కాదు, రేపు తేడా వస్తే నింద ఎవరి నెత్తిన పడాలి అన్నదాని గురించి. ఆఖరి నిర్ణయం మీది కానప్పుడు ఆ మాట అనడానికి లేదు.

నాకు బాగా నచ్చింది మాత్రం గో ది ఎక్స్‌ట్రా మైల్. ఇప్పుడు ప్రతి కంపెనీ రివ్యూలోనూ చొరవకి మారుపేరు అయిపోయింది గానీ, అది మత్తయి సువార్త 5:41 నుంచి వచ్చింది, ఎవడైనా నిన్ను ఒక మైలు రమ్మని బలవంతం చేస్తే వాడితో రెండు మైళ్లు వెళ్లు అని. రోమన్ సైనికులు దారినపోయేవాళ్ల చేత తమ మూటలు మోయించుకునే రోజుల మాట అది. వెట్టిచాకిరీలోంచి పుట్టిన మాట చివరికి అప్రైజల్ ఫారంలో తేలింది. కరెక్ట్‌గానే తేలిందని కొందరు అనొచ్చు 🙂

గడియారంముల్లు:
థాంక్స్ అండీ, స్టెప్డ్ ఇన్ అనే చెప్తా. పంపేముందు మేనేజర్‌కి మెయిల్ పెట్టి ఓకే తీసుకున్నాను, అదీ కలుపుతా. ఇంకొక్కటి, టేక్ ద లీడ్, టేక్ ది ఇనిషియేటివ్ రెండూ ఒకటేనా?

పదనిస:
కాదు. ఇనిషియేటివ్‌కి మీరు ఒక్కరు చాలు, లీడ్ అనాలంటే వెనక ఇంకొకరైనా నడవాలి. మీరు రిపోర్టు ఒంటరిగా పూర్తిచేశారు కాబట్టి లీడ్ వద్దు, ఇనిషియేటివ్ అని చెప్పండి. ఇద్దరు ముగ్గురికి పని పంచి ఉంటే మాత్రం లీడ్ అని ధైర్యంగా చెప్పొచ్చు, ఎలాగూ ఆ పోస్టుకే కదా వెళ్తున్నారు.