మన వెనకబాటుకి కారణం ఎండా, వ్యవస్థలా?

ఒంగోలు కుర్రాడు: 2015లో నేచర్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. ఏడాది సగటు ఉష్ణోగ్రత 13 డిగ్రీలుండే చోట దేశాల ఉత్పాదకత బాగుంటుందట, అది దాటేకొద్దీ పడిపోతుందట. మన జిల్లాల సగటు దానికి రెట్టింపు పైనే. ఇక మన పని అయిపోయినట్టేనా?

పెన్న గట్టు: సింగపూర్ భూమధ్యరేఖ పక్కనే ఉంది తమ్ముడూ. కొరియాకి 1945లో అడ్డంగా గీత గీశారు. అటూ ఇటూ దాదాపు అదే వాతావరణం, ఇవాళ సంపాదనలో తేడా చూడు. 2024 ఆర్థిక నోబెల్ అసెమోగ్లు, జాన్సన్, రాబిన్సన్‌లకి వచ్చింది వ్యవస్థల మీద, అంటే దేశాన్ని నడిపే చట్టాలు, పాలన, కట్టుబాట్ల మీద చేసిన పనికే.

చీమకుర్తి: సింగపూర్ ఎదుగుదలలో ఏసీకి పెద్ద వాటా ఉందని ఆ దేశ తొలి ప్రధాని లీ క్వాన్ యూ స్వయంగా చెప్పాడన్నా. క్వారీకి ఏసీ పెట్టగలమా? మే నెలలో పదకొండయ్యేసరికి రాయి మీద చెయ్యి ఆనదు, అసలే నల్లరాయి. చీకటితో మొదలుపెట్టి ఎండెక్కగానే ఆపేస్తాం. మనుషులు వాళ్ళే, మిషన్లు అవే, రాయి మాత్రం తక్కువ దిగుతుంది.

పెన్న గట్టు: 2012లో డెల్, జోన్స్, ఓల్కెన్ అనే ఆర్థికవేత్తలు లెక్క కట్టారు. ఒక ఏడాది ఒక డిగ్రీ పెరిగితే పేద దేశాల వృద్ధి 1.3 శాతం పాయింట్లు తగ్గింది. ధనిక దేశాల్లో చెప్పుకోదగ్గ దెబ్బే లేదు. మరి ఎండ ఒక్కటే కారణమైతే వాళ్ళెందుకు తప్పించుకున్నారు?

చీమకుర్తి: ధనిక దేశాలు చాలావరకు చలి దేశాలే కదన్నా. వణికేవాడికి ఒక డిగ్రీ పెరిగితే హాయి. అందులో వ్యవస్థ గొప్పేముంది?

విడవలూరు రొయ్యలు: మీరిద్దరూ ఒక రాత్రి మా గుంట మీదకి రండి. నీళ్ళు వేడెక్కితే ఆక్సిజన్ నిలవదు, రొయ్యకేమో ఇంకా ఎక్కువ కావాలి. పోయినేడు తెల్లవారుజామున కరెంటు పోయింది, జనరేటర్ మొరాయించింది. గంటల్లో కల్చర్ మొత్తం తేలిపోయింది. చంపింది ఎండా, కరెంటా అని ఇంట్లో ఇప్పటికీ వాదులాటే (మా ఆవిడ లెక్కలో తప్పు నాది, జనరేటర్ చూసుకోనందుకు). పక్క ఫీడర్ మీదున్నవాళ్ళ రొయ్యలు బతికాయి. కాకపోతే ఏరియేటర్లు (నీళ్ళలోకి గాలి కలిపే మిషన్లు) రాత్రంతా తిప్పి బిల్లు వాచిపోయింది, మిగిలింది అంతంతే.

పెన్న గట్టు: అదే నేననేది. కరెంటు నిలకడ వ్యవస్థే. క్వారీలో నీడ, నీళ్ళు, ఎండలో ఆపినా కూలి కోయకపోవడం, ఇవీ వ్యవస్థలే. బిల్లు మాట ఒప్పుకుంటా, దానికి నా దగ్గర జవాబు లేదు. చీమకుర్తి తమ్ముడూ, మీ దగ్గర షెడ్డన్నా వేశారా?

చీమకుర్తి: వేశారన్నా. సూపర్‌వైజర్ జీపుకి.